వరిలో ఎలుకలు ఎర ముట్టడం లేదు: మందు మార్చాలా, పద్ధతి మార్చాలా?

ప్రశ్న: వరి నాటి 35 రోజులైంది. ఎలుకలు పిలకలు కొరికేస్తున్నాయి. జింకు ఫాస్ఫైడ్‌ను నూకలు, నూనెతో కలిపి గట్ల మీద పెట్టాను. మొదటి రాత్రి కొన్ని చచ్చాయి, తర్వాత ఒక్కటీ ముట్టడం లేదు. డీలర్ చెప్పాడని మోతాదు రెట్టింపు చేసి, గుళికల పురుగుమందు కూడా కలిపాను. లాభం లేదు. పొలం మధ్యలో పెట్టిన బోనుల్లోనూ పడటం లేదు. విషానికి అలవాటు పడ్డట్టున్నాయి. ఇంకా ఘాటైన మందు ఏదైనా చెప్పండి.

జవాబు: ఘాటైన మందు చెప్పను. మీ ఎలుకలు విషానికి అలవాటు పడలేదు. అలవాటు పడితే తిని కూడా బతికేవి. మీ పొలంలో అవి అసలు తినడమే లేదు. అంటే మందులో లోపం లేదు, పెట్టిన తీరులోనే ఉంది.

ఎలుక కొత్త తిండి కనబడితే ముందు కొంచెం కొరికి చూస్తుంది. జింకు ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. కొన్ని గంటల్లోనే బాధ మొదలవుతుంది. చాలినంత తిన్నవి చచ్చాయి. కొంచెమే కొరికినవి బాధపడి బతికాయి, ఆ రుచిని గుర్తు పెట్టుకున్నాయి. ఎలుకకు వాంతి చేసుకునే వీలు లేదు, కాబట్టి చెడు తిండిని నోట పెట్టకుండా ఉండటమే దానికున్న రక్షణ. 1955లో శాస్త్రవేత్త జాన్ గార్సియా బృందం ఎలుకలకు తియ్యటి నీళ్లు పెట్టి, అదే సమయంలో జబ్బు చేసే రేడియేషన్ తగిలేలా చేసింది. ఆ తర్వాత అవి ఆ తీపి నీళ్లు తాగడం బాగా తగ్గించాయి. తిన్న కొన్ని గంటలకు జబ్బు చేసినా సరే, ఒక్క అనుభవంతోనే ఈ జ్ఞాపకం ఏర్పడుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

ఇక మోతాదు రెట్టింపు చేస్తే ఏమవుతుంది? వాసన, రుచి ఇంకా ముందే తెలిసిపోతాయి. డీలర్ మాట విని మీరే ఎలుకలకు హెచ్చరిక పంపారు. గుళికలు కలపడం మరీ పెద్ద తప్పు. ఆ ఎర తిని కుక్కలు, పక్షులు చస్తాయి. మిగిలిన ఆ ఎరనంతా ఈ రోజే చేతికి తొడుగులు వేసుకుని ఏరి, నీటి వనరులకు దూరంగా లోతుగా పాతిపెట్టండి. ఎలుకల మందు మోతాదు డీలర్‌ను అడిగి వేయవద్దు, డబ్బా మీది లేబుల్ చదవండి.

బోనుల సంగతికి వస్తే, అది రుచి జ్ఞాపకం కాదు, దారి జ్ఞాపకం. దీనికి మెదడులో వేరే భాగం ఉంది, పేరు హిప్పోక్యాంపస్. ఎలుక ఒక ఫలానా చోటికి రాగానే అందులో కొన్ని కణాలు స్పందిస్తాయని, చోటు మారితే వేరే కణాలు స్పందిస్తాయని 1971లో శాస్త్రవేత్తలు జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ చూపించారు. పక్కనే ఉన్న మరో భాగంలో, నేలను గళ్లు గీసి కొలిచినట్టు పనిచేసే గ్రిడ్ కణాలను 2005లో మోసర్ దంపతుల బృందం కనుక్కుంది. ఈ ముగ్గురికీ, అంటే ఓకీఫ్‌కూ మోసర్ దంపతులకూ, 2014లో నోబెల్ వచ్చింది. పగలు తిరిగిన దారి తాలూకు కణాలు నిద్రలో మళ్లీ కలిసి మేల్కొంటాయని కూడా 1994లో తెలిసింది. మీ గట్టు, కాలువ, కన్నం అన్నీ ఆ ఎలుక తలలో పటంలా ఉన్నాయి. బహిరంగంగా ఉన్న చోటికి రావడం దానికి ఇష్టం ఉండదు, అంచు పట్టుకునే నడుస్తుంది. పొలం మధ్యలో పెట్టిన బోను దాని దారిలోనే లేదు. బోనులను గట్టు వెంబడి, అది నడిచిన జాడల మీద పెట్టండి. మూడు రోజులు తలుపు తెరిచి కట్టేసి, లోపల తిండి మాత్రమే ఉంచండి. నాలుగో రోజు బిగించండి. రోజూ చోటు మార్చకండి.

ఎర విషయంలో కూడా నేను అందరికీ పదేపదే చెప్పేది ఇదే: ముందు విషం లేని ఎర అలవాటు చేయండి. మొదటి రోజు సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూయండి. మరునాడు తెరుచుకున్నవే ఎలుకలున్న కన్నాలు, వాటికే గుర్తు పెట్టండి. ఈసారి నూకలు వద్దు, మొక్కజొన్న రవ్వ తీసుకోండి, నూనె కూడా మార్చండి. పాత రుచి తగిలితే మళ్లీ ముట్టవు. కిలో ఎరకు 980 గ్రాముల రవ్వ, 20 గ్రాముల నూనె. కన్నానికి 20 గ్రాముల చొప్పున రెండు రోజులు, అదే చోట పెట్టండి. తర్వాత వేయబోయే ఎలుకల మందు బ్రోమడయోలోన్‌కు మామూలుగా ఈ అలవాటు అక్కర్లేదు, మీ ఎలుకలు ఇప్పటికే బెదిరాయి కాబట్టి చెబుతున్నాను.

తర్వాత 960 గ్రాముల అదే రవ్వలో 20 గ్రాముల అదే నూనె, 20 గ్రాముల 0.25 శాతం బ్రోమడయోలోన్ పొడి కలపండి. 15 గ్రాముల పొట్లాలు కట్టి కన్నానికి ఒకటి లోపలికి వేయండి. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. చావు కొన్ని రోజులకు గానీ రాదు కాబట్టి తిన్న తిండికీ బాధకూ ఎలుక ముడిపెట్టలేదు. మొదటి రోజు చచ్చిన ఎలుక కనబడలేదని టెన్షన్ పడి ఇంకో మందు వేయకండి. పది రోజుల తర్వాత కన్నాలు మళ్లీ మూసి, తెరుచుకున్న వాటిలో మరో విడత వేయండి. చచ్చిన వాటిని ఏరి పాతిపెట్టండి. పొరపాటున మనిషి గానీ పశువు గానీ తింటే డబ్బాతో సహా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. దీనికి విరుగుడు విటమిన్ కె1. జింకు ఫాస్ఫైడ్‌కు విరుగుడే లేదు, ఈ పంటలో దాన్ని మళ్లీ వాడకండి.

ఆలస్యం చేయవద్దు. పైరు పొట్టకు వస్తే గట్టు మీది ఎర కంటే వరి వెన్నులే వాటికి రుచి. పక్క పొలాల వాళ్లను కూడా కలుపుకుని ఒకే రోజు మొదలుపెట్టండి, ఎలుక తలలోని పటంలో మీ సరిహద్దు రాళ్లు ఉండవు. పది రోజుల తర్వాత ఎన్ని కన్నాలు తెరుచుకున్నాయో లెక్క రాసి పంపండి, రెండో విడత ఎంత కలపాలో అప్పుడు చెబుతాను.