కోహెన్ డి 2.7 ఎందుకొచ్చిందంటే

రెండు గ్రూపుల సగటు మార్కుల తేడాకు కోహెన్ డి (ఆ తేడా ఎంత పెద్దదో చెప్పే కొలత) 2.7 ఎందుకొచ్చిందని అడిగారు. మీరు 6 మార్కుల తేడాను స్టాండర్డ్ ఎర్రర్‌తో (సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పేది) భాగించినట్టున్నారు. భాగించాల్సింది స్టాండర్డ్ డీవియేషన్‌తో (ఒక్కొక్కరి మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది). మీ పట్టికలో సగటులు 68 ± 2.4, 62 ± 2.0 అని ఉంది, గ్రూపుకు 25 మంది. ± తర్వాతివి డీవియేషన్లే అనుకుంటే, వందకు పెట్టిన పరీక్షలో మార్కులు ఇంత దగ్గరగా ఉండటం చాలా అరుదు.

1. ఎక్కువమంది వదిలేసేది ఇదే: ± అంటే ఏమిటో పట్టిక కింద చూడండి. ఎర్రర్ అని ఉంటే √25తో, అంటే 5తో గుణించండి. డీవియేషన్లు 12, 10 వస్తాయి.

2. వాటి వర్గాలు 144, 100. సగటు 122, వర్గమూలం 11.05. (గ్రూపుల్లో మంది సమానం కాకపోతే ఈ మామూలు సగటు పనికిరాదు; ఒక్కో వర్గాన్ని ఆ గ్రూపు సంఖ్యలోంచి 1 తీసేయగా వచ్చినదానితో గుణించి, కలిపి, మొత్తం సంఖ్యలోంచి 2 తీసేయగా వచ్చినదానితో భాగించి, వర్గమూలం తీయాలి.)

3. 6 ÷ 11.05 = 0.54. ఇదే సరైన కోహెన్ డి.

దీన్ని "మధ్యస్థ ప్రభావం" అని రాసి వదిలేయకండి. 95 శాతం విశ్వాస అంతరం (అసలు ప్రభావం ఉండే అవకాశమున్న పరిధి) సుమారు −0.02 నుంచి 1.11 దాకా ఉంది. ప్రభావం దాదాపు సున్నా కావచ్చు, చాలా పెద్దదీ కావచ్చు. రిపోర్టులో 0.54, ఈ అంతరం, అసలు 6 మార్కుల తేడా మూడూ ఇవ్వండి.