పచ్చబొట్టు దగ్గర ఆగు

తమ్ముడూ,

లావోస్‌లోని వియంటియాన్ రాజ్యం మీద నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు. కానీ "1827లో సామంతరాజు అనువొంగ్ తిరుగుబాటు చేశాడు" అని ఎత్తుకున్నావే, అక్కడే నాకు అడ్డం తగిలింది. తిరుగుబాటు అన్నది బ్యాంకాక్ ఆస్థానం మాట, అంటే సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుల మాట. లావోస్‌లో అదే మనిషికి మెకాంగ్ ఒడ్డున విగ్రహం ఉంది.

కథ 1779 నుంచి చెప్పు. సయాం సేన వియంటియాన్‌ని కొట్టి, మరకత బుద్ధుణ్ణి నది దాటించింది. దాని మీద అరపేజీ రాశావు. ఆ విగ్రహంతో పాటు తోలుకుపోయిన వేలమంది ఊసే లేదు. వాళ్లలో చాలామందిని సయాంలోని సరబురి చుట్టుపక్కల దింపారు. ఆ దేశాల్లో అప్పుడు నేల ఎక్కువ, దున్నే చేతులు తక్కువ. యుద్ధం గెలవడమంటే మనుషుల్ని తెచ్చుకోవడమే. 1825లో, చనిపోయిన రెండో రామా రాజు అంత్యక్రియలకు బ్యాంకాక్ వెళ్లినప్పుడు అనువొంగ్ అడిగింది కూడా వాళ్లనే: మా జనాన్ని మాకు పంపండి అని. పంపలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఖోరాత్ పీఠభూమిలో (ఇప్పటి ఈశాన్య థాయ్‌లాండ్) లావో మగవాళ్లకు సయాం అధికారులు పచ్చబొట్లు పొడిపిస్తున్నారు, ఎవడు ఎవరి కింద వెట్టి చెయ్యాలో లెక్క తెలియడానికి. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. వద్దు, ఇక్కడ ఆగు. సూది, మసి, చాచిన చెయ్యి, పక్కన పేర్లు రాసుకునే గుమాస్తా. పొలంలో వంగిన ప్రతిసారీ ఆ గుర్తు ఆ మనిషి కళ్లబడుతుంది. అనువొంగ్ సయాం మీదికి చేసిన దండయాత్రకి కారణం వేరే వెతకక్కర్లేదు.

అలాగని అనువొంగ్‌ని దేవుణ్ణి చెయ్యకు. ఆ దండయాత్రలో ఖోరాత్ పట్నం నుంచి వెనక్కి మళ్లుతూ అతని సేన కూడా ఆ ఊరి జనాన్ని తోలుకొచ్చింది. అదీ రాయి.

1828లో సయాం సేన వియంటియాన్‌లో చేసిన విధ్వంసాన్ని పొడిగించకు. ఊరు తగలబడింది, జనాన్ని నది అవతలికి తరిమేశారు, అనువొంగ్ కట్టించిన సిసాకేత్ గుడి మిగిలింది. దాని వసారా గోడల నిండా చిన్న చిన్న గూళ్లు, గూళ్లలో బుద్ధ ప్రతిమలు. ఇంతే చాలు.

చివర బ్యాంకాక్‌లో అతని చావుతో ముగించావు. ఇంకా ముందుకెళ్లు. 1865లో సయాం రాజు మోంగ్‌కుత్ ఖేన్ వాయించకూడదని ఆజ్ఞ వేశాడు. ఖేన్ అంటే లావో వాళ్లు నోటితో ఊదే వెదురు గొట్టాల వాద్యం. తమ జనం సొంత పాటలు మాని దాని వెంట పడుతున్నారని ఆయన బెంగ. ఆ పేరా రాసి పంపు, ముందు అదే చదువుతాను.

నీ అన్నయ్య