తిరుపతి నుంచి చిత్తూరుకు రోజూ తిరగడానికి ఏ చిన్న కారు? నా లెక్క ఇదీ

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: ఇల్లు తిరుపతిలో, కొత్త ఉద్యోగం చిత్తూరులో, వారానికి ఆరు రోజులు రానూపోనూ, చేతిలో 7 లక్షలు. జీతమంతా పెట్రోల్ బంకులో పోయకూడదు, అలాగని తోలేటప్పుడు ఆవలింతలూ రాకూడదు. ఈ రోడ్డు మీద ఇప్పటికే రెండు కార్లు అరగదీసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా విడిపోయినప్పుడు మా ఆఫీసు చిత్తూరులోనే ఉండిపోయింది, నేను పిల్లల చదువు కోసం తిరుపతిలోనే ఉండిపోయాను. అప్పటి నుంచి రోజూ ఇదే తిరుగుడు.

ముందు నా తెలివితక్కువ పని చెప్పేస్తాను. రోజుకు 140 కిలోమీటర్లు అనగానే చుట్టుపక్కల వాళ్లంతా డీజిల్ డీజిల్ అన్నారు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగిన ఒక పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. పేరు వద్దులే, కారుదేం తప్పు లేదు, చూడకుండా కొన్న నాదే తప్పు. మైలేజీ బాగానే ఇచ్చింది. కానీ మూడో నెలలో క్లచ్, ఆరో నెలలో ఇంజెక్టర్లు, తర్వాత ఏసీ కంప్రెసర్. ఆటోనగర్‌లో మెకానిక్ నన్ను చూడగానే కుర్చీ వేసేవాడు, అంతగా పరిచయం అయిపోయింది. ఏడాది తిరిగేసరికి డీజిల్‌లో మిగిలిందంతా రిపేర్లకే పోయింది. బరువైన క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు నొప్పి పట్టుకోవడం అదనం. రోజూ తోలేవాళ్లకు క్లచ్ తేలిగ్గా ఉండటం మైలేజీ కన్నా ముఖ్యమని అప్పుడు తెలిసింది.

దాన్ని వదిలించుకుని 2023లో 2019 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ తీసుకున్నాను. 1.2 లీటర్, నాలుగు సిలిండర్లది. మీటరు మీద 41 వేలు ఉన్నాయి, 5 లక్షల 40 వేలు అయింది. ఇప్పుడు లక్ష దాటింది. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు మార్చాను, సర్వీసులు చేయించాను, అంతే.

ఈ రోడ్డు మీద మైలేజీ అనేది కారులో సగం, నీ కుడికాలిలో సగం ఉంటుంది. నేను ప్రతిసారీ ట్యాంక్ నిండా కొట్టించి, మళ్లీ నింపేటప్పుడు లెక్క రాస్తాను. 80-85 మీద నిలకడగా పోతే నా బండి లీటరుకు 21 ఇస్తుంది. 100 దాటించి తోలిన వారం 17 న్నరకు దిగిపోయింది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య గట్టిగా తోలడానికి వీలున్నది 50 కిలోమీటర్లే. అక్కడ 80కి బదులు 100లో పోతే మిగిలేది ఏడెనిమిది నిమిషాలు, లీటరు 110 లెక్కన ఒక వైపు 70 కిలోమీటర్ల మొత్తానికి అదనంగా కాలేది 70 రూపాయల పైచిలుకు. ఏడు నిమిషాలకు 70 రూపాయలు పెట్టి ఆఫీసుకు ముందే పోవాలన్నంత ప్రేమ నాకైతే లేదు.

ఇక నీ అసలు ఖర్చు చూడు. నెలకు 24 రోజులు, రోజుకు 140 అంటే 3,360 కిలోమీటర్లు. లీటరుకు 20 వేసుకుంటే 168 లీటర్లు, పద్దెనిమిదిన్నర వేలు. ఒక్కడివే పోయేట్టయితే ఇది చాలా డబ్బు. సీఎన్‌జీ కారు కిలోకు 28 ఇస్తుందనుకుందాం (వ్యాగన్ ఆర్‌కు కంపెనీ 34 అని చెబుతుంది, మా ఆఫీసు ఆయనకు వచ్చేది 28 లోపే). కిలో 90 రూపాయలు అనుకుంటే 10,800 అవుతుంది. నెలకు దాదాపు 7,700 మిగులు. పెట్రోల్ మోడల్ కంటే సీఎన్‌జీకి పెట్టే 90-95 వేలు ఏడాదిలో తిరిగొచ్చేస్తాయి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాడికి ఈ మాట చెప్పను, నీకు మాత్రం చెప్పక తప్పదు.

కానీ నేను సీఎన్‌జీ తీసుకోలేదు. ఎందుకంటే నాతో పాటు ముగ్గురు వస్తారు. తిరుపతి ఎం.ఆర్.పల్లెలో ఇద్దరు, చంద్రగిరిలో ఒకరు ఎక్కుతారు. ఖర్చు నలుగురం పంచుకుంటే తలకు 4,600 పడుతుంది. అలా పంచుకున్నాక పెట్రోల్ బండి భారం కాదు. పైగా నలుగురితో, ఏసీ వేసుకుని, లారీని దాటాలంటే ఇంజన్‌లో కాస్త దమ్ము ఉండాలి. సీఎన్‌జీ మీద అదే ఇంజన్ కొంత నీరసంగా లాగుతుంది. సరదా అన్నావు కదా, ఆ సరదా అక్కడే పోతుంది.

సరదా అంటే ఏంటో కూడా మాట్లాడుకుందాం. గంట సేపు నేరుగా పోయే రోడ్డులో వేగంలో సరదా లేదు. చిన్న కారు వందలో ఊగుతుంది, శబ్దం చేస్తుంది, అంతే. నాకు సరదా ఎక్కడ దొరుకుతుందంటే, పూతలపట్టు దగ్గర స్లో అయి మళ్లీ పుంజుకునేటప్పుడు. రెండు, మూడు గేర్లలో ఇంజన్ గొంతు మారుతుంది. కారు ఒళ్లు తేలిక కాబట్టి కాలు పెట్టగానే కదులుతుంది. స్టీరింగ్ రెండు వేళ్లతో తిరుగుతుంది. 870 కిలోల బండి, 83 హార్స్‌పవర్. ఇంజన్ మొత్తాన్నీ వాడుకుంటూ తోలినా స్పీడు హద్దు దాటదు. పెద్ద కారులో అలా తోలితే ఏదో ఒక రోజు చలానా వస్తుంది. అందుకే నా మాట: తేలిక బండి, 1.2 ఇంజన్. ఒంటరిగా ఊళ్లో తిరగడానికి ఆల్టో కె10, క్విడ్ లాంటి 1.0 బండ్లు ముద్దుగా ఉంటాయి. నలుగురితో ఈ హైవే మీద రోజూ అంటే వాటి మీద బరువు పెట్టినట్టే.

అన్నట్టు కొత్త స్విఫ్ట్‌లో 2024 నుంచి మూడు సిలిండర్ల ఇంజన్ వస్తోంది. మైలేజీ కంపెనీ లెక్కలో 24.8. నేను ఒకరోజు తోలి చూశాను, తక్కువ స్పీడులో బాగానే లాగుతుంది. కానీ పాత నాలుగు సిలిండర్ల నునుపు అలవాటైన చెవికి అది వేరేగా వినిపిస్తుంది. నీకు పాతది అలవాటు లేకపోతే ఈ గొడవే లేదు.

ఇక మా ఇంట్లో జరిగిన గొడవ. మా ఆయన టియాగో తీసుకోమన్నాడు. ఆయన వాదన ఒక్కటే: కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో 2020లో టియాగోకు నాలుగు స్టార్లు వచ్చాయి, 2018లో స్విఫ్ట్‌కు రెండే వచ్చాయి. "నువ్వు రోజూ పోయే రోడ్డు చూసుకో, తర్వాత స్టీరింగ్ గురించి మాట్లాడు" అన్నాడు. నేను స్టీరింగ్ గురించే మాట్లాడాను. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో ఆయనదే పైచేయి. మామిడి సీజన్‌లో తోతాపురి కాయలతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి, చాలావాటికి వెనక లైటు ఉండదు. పెరటాసి నెలలో (సెప్టెంబర్-అక్టోబర్) తమిళనాడు నుంచి భక్తులు పసుపు బట్టలతో రాత్రిళ్లు రోడ్డు పక్కనే నడిచి వస్తుంటారు. కాణిపాకం బ్రహ్మోత్సవాలప్పుడు ఎవరు ఎక్కడ మలుపు తిప్పుతారో తెలియదు. ఒకసారి చీకట్లో ట్రాక్టర్ వెనక బ్రేకు తొక్కిన రోజు ఇంటికి వచ్చి కాసేపు కారు దిగలేదు. కాబట్టి నువ్వు ఏది కొన్నా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో చూడు, హెడ్‌లైట్లు రాత్రిపూట వేసి చూడు. షోరూమువాళ్లు పగలే టెస్ట్ డ్రైవ్ ఇస్తారు, లైట్ల సంగతి ఎవరికీ గుర్తుండదు.

టోల్ మర్చిపోకు. గాదంకి దగ్గర పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ పెట్టారు కదా, మొదట్లో 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు. అంటే దాటిన ప్రతిసారి 15 రూపాయలు. పేరు వార్షికమే గానీ మనకు నాలుగు నెలల్లో అయిపోతుంది, మళ్లీ తీసుకోవాలి. అయినా లాభమే. టోల్‌కు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు స్థానిక నెల పాస్ వేరే ఉంది. నీ ఇల్లు చంద్రగిరి వైపు ఉంటే ఆధార్ పట్టుకెళ్లి టోల్ దగ్గర అడుగు.

చిత్తూరులో అందరూ చెప్పే ఇంకో చిట్కా, తమిళనాడు బోర్డరు దాటి పెట్రోల్ కొట్టించుకోమని. లీటరుకు ఏడెనిమిది రూపాయలు తక్కువ, నిజమే. నా బండి ట్యాంకు 37 లీటర్లు. నిండా కొట్టించినా 260-300 మిగులుతుంది. దాని కోసం బోర్డరుకు పోయి రావడానికే ఇంచుమించు 200 రూపాయల పెట్రోల్ కాలుతుంది. వేలూరు ఆసుపత్రికో పెళ్లికో పోయినప్పుడు నింపుకో, పనిగట్టుకుని పోకు.

ఎలక్ట్రిక్ అడుగుతావని తెలుసు. మా ఆఫీసులో ఒకాయనకు టియాగో ఈవీ పెద్ద బ్యాటరీది ఉంది. 140 కిలోమీటర్లకు 20 యూనిట్లు, యూనిట్ 10 వేసినా రోజుకు 200. నాకు అదే దూరానికి 770. మొదటి నెల మీటరులో శాతం చూసుకుంటూ టెన్షన్ పడ్డాడు, ఇప్పుడు ఏసీ ఆపకుండా తిరుగుతున్నాడు. తోలడానికి కూడా భలే చురుగ్గా ఉంది, ఒప్పుకోవాలి. కానీ ఆ బ్యాటరీ మోడల్ నీ బడ్జెట్ దాటుతుంది, ఇంటి కింద సొంత ప్లగ్ లేకపోతే అసలు వద్దు.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అందుకే పాతకారు అడిగేవాళ్లు పాత ధరే చెబితే నమ్మకు, కొత్తదాని ఆన్‌రోడ్ ధర పక్కన పెట్టుకుని బేరమాడు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు తగ్గట్టు చేసినవి, ఆ తర్వాతి మోడల్ దొరికితే నయం. నా 2019 బండి మైలేజీ ఈమధ్య కొంచెం తగ్గినట్టే ఉంది.

కొనే ముందు టెస్ట్ డ్రైవ్ షోరూము చుట్టూ చేయకు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్‌లో ఆపి మళ్లీ కదిలించి చూడు, క్లచ్ సంగతి అక్కడ తేలుతుంది. తర్వాత చంద్రగిరి దాకా పో, వీలైతే ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని ఎక్కించుకుని. మూడో గేరులో లారీని దాటు. దిగాక నడుము ఏమంటోందో విను. కొన్నాక ఎలాగూ కొండకు తీసుకెళ్తావు, మన ఊళ్లో కారు కొన్నవాళ్లెవరు తీసుకెళ్లకుండా ఉన్నారు? దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ మీదే వదులు. 40 నిమిషాల లోపు దిగితే కింద ఎలాగూ ఇంత స్పీడేంటని అడుగుతారు.

ఒక్కడివే పోయేట్టయితే టియాగో సీఎన్‌జీ చూడు. తోడు దొరికితే నా లాంటి 1.2 పెట్రోల్ స్విఫ్ట్, 50 వేల లోపు తిరిగినది. నీ ఆఫీసు టైము చెప్పు. తొమ్మిదిన్నర అయితే మా బ్యాచ్‌లో ఒకరు వచ్చే నెల బదిలీ మీద పోతున్నారు, ఒక సీటు ఖాళీ అవుతోంది. నెల రోజులు మాతో వచ్చి రోడ్డు చూసి, ఆ తర్వాతే కారు కొనుక్కోవచ్చు.