ఫోటోఫెరెసిస్‌తో ఉన్న ఇమ్యూనిటీ కూడా పోతుందా?

బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత మీ నాన్నగారికి జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి ఒంటి మీదే దాడి చేసే జబ్బు) వచ్చిందనీ, స్టెరాయిడ్లకు లొంగడం లేదనీ, ఫోటోఫెరెసిస్ అని రక్తం బయటకు తీసి లైటు చూపించి మళ్లీ ఎక్కిస్తామంటున్నారనీ రాశారు. ఇది కీమోలాంటిదేనా, ఉన్న ఇమ్యూనిటీ కూడా పోతుందా అని అడిగారు.

పోదండీ. స్టెరాయిడ్లు రక్షణ వ్యవస్థ మొత్తాన్నీ అణిచేస్తాయి, ఇది అలా చేయదు. డాక్టర్లు దీన్ని ఎంచుకునేదే అందుకు.

మా అక్కకు లుకేమియా వచ్చినప్పుడు మూలకణాలు ఇచ్చింది నేను. ఏడాది తిరక్కుండానే ఆ కణాలే ఆమె ఒంటిని పరాయిదనుకుని దాడి మొదలుపెట్టాయి. ముంజేతుల దగ్గర చర్మం గట్టిపడి పిడికిలి ముడుచుకునేది కాదు, గాజులు ఎక్కేవి కావు. నోరంతా పూసి పప్పుచారు తగిలినా మంటే. వాళ్లుండేది డాలస్‌లో, చికిత్స అక్కడే జరిగింది. పక్కన కూర్చుని చూసిందీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ చెబుతున్నాను.

రక్తం చేతి నరంలోంచో, మెడ దగ్గర పెట్టిన లైన్‌లోంచో మెషిన్‌లోకి వెళ్తుంది. మెషిన్ దాన్ని గిర్రున తిప్పి తెల్లకణాలను విడదీసి ఒక సంచిలోకి పంపుతుంది. మిగతా రక్తం వెనక్కి వచ్చేస్తుంది. సంచిలోని ద్రవంలో మెథాక్సాలెన్ అనే మందు కలిపి, పల్చటి ప్లాస్టిక్ పలకలోంచి పారిస్తూ యూవీఏ (ఒక రకం అతినీలలోహిత కాంతి) దీపాల వెలుతురు తగిలిస్తారు. తర్వాత ఆ కణాలు కూడా తిరిగి ఒంట్లోకే. రెండు మూడు గంటలు పడుతుంది. సాధారణంగా వరసగా రెండు రోజులు చేసి, వారమో రెండు వారాలో ఆగి మళ్లీ చేస్తారు.

చీకట్లో ఉన్నంతసేపూ ఆ మందు కణాన్ని పెద్దగా ఏమీ చేయదు. యూవీఏ తగలగానే డీఎన్‌ఏ రెండు పోగులనూ కలిపి కట్టేస్తుంది. ఇక ఆ లింఫోసైట్ (ఒక రకం తెల్లకణం) విభజన చెందలేదు, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. కానీ ఒక సిట్టింగ్‌లో వెలుతురు తగిలేది ఒంట్లోని లింఫోసైట్లలో చాలా చిన్న భాగానికే. వాటిని చంపినంత మాత్రాన జబ్బు తగ్గదు. చచ్చిపోతున్న ఆ కణాలను డెండ్రిటిక్ కణాలు (రక్షణ వ్యవస్థలోని కాపలా కణాలు) మింగుతాయి. అలా మింగినప్పుడు అవి అలారం మోగించవు, ఉద్రేకాన్ని తగ్గించే సంకేతాలు పంపుతాయి. దాడిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు పెరుగుతాయి. నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది ఈ సంగతే. నా కణాలను అక్క ఒంట్లోంచి తుడిచిపెట్టడం లేదు, కలిసి బతకడం నేర్పుతున్నారు.

ఆ నేర్పడానికి టైం పడుతుంది. మొదటి కొన్ని వారాలు మాకు ఏ తేడా కనపడలేదు, బావకు ఒకటే టెన్షన్. నెలలు గడిచాక ముందు నోటి పూత తగ్గింది, ఆ తర్వాతే చర్మం మెల్లగా వదులైంది. స్టెరాయిడ్ డోసు తగ్గించుకుంటూ రాగలిగారు. మూడు నుంచి ఆరు నెలలు చూడకుండా పనిచేయలేదని తేల్చకండి. అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేను.

ఇది కొత్త ప్రయోగం కూడా కాదు. యేల్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ ఎడెల్సన్ బృందం చర్మానికి వచ్చే టీ-సెల్ లింఫోమా అనే క్యాన్సర్ మీద దీని ఫలితాలను 1987లో ప్రచురించింది. మరుసటి ఏడాదే అమెరికాలో అనుమతి వచ్చింది. గుండె, ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత వచ్చే రిజెక్షన్‌కు కూడా వాడుతున్నారు.

ఒక హెచ్చరిక. బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టడం మనవాళ్లకు తెలిసిందే. ఆ గింజల్లో ఉండేదీ ఈ మందు జాతి పదార్థమే. అది విని మా బంధువొకరు నూనె పంపిస్తామన్నారు. దయచేసి అలాంటివి దగ్గరికి రానివ్వకండి. జీవీహెచ్‌డీ ఉన్న చర్మం ఎండ తగిలితే ఇంకా రేగుతుంది. ఫోటోఫెరెసిస్‌లో వెలుతురు తగిలేది సంచిలోకి తీసిన కణాలకే, చర్మానికి కాదు.

సిట్టింగ్‌కు ముందు నెయ్యి, వేపుళ్లు మానిపించండి. రక్తంలో కొవ్వు ఎక్కువైతే మెషిన్ కణాలను సరిగ్గా విడదీయలేదు. నీళ్లు బాగా తాగించండి, నరం తేలిగ్గా దొరుకుతుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల అక్కకు పెదవులు చిమచిమలాడేవి. చెప్పగానే నర్సు కాల్షియం ఇచ్చేది. ఒక్కోసారి బీపీ పడిపోతుంది, లేచేటప్పుడు పట్టుకోండి. అయ్యాక 24 గంటలపాటు యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఎండలోకి వెళ్లకూడదు. మెడ దగ్గర లైన్ ఉంటే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇండియాలో ఇది కొన్ని పెద్ద సెంటర్లలోనే దొరుకుతుంది. కణాలను ఒక మెషిన్‌లో తీసి, లైటు ఇంకో మెషిన్‌లో చూపించే పద్ధతి కూడా ఉంది. ఏది చేస్తారో, ఖర్చు ఎంతో ముందే అడగండి. నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ అయి లోపల లెన్స్ పెట్టకపోయినా, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) పడకపోయినా, ఎండ పడని లూపస్‌లాంటి జబ్బేదైనా ఉన్నా మొదటి సిట్టింగ్‌కు ముందే డాక్టరుకు చెప్పండి.