వరదొస్తే ముందు పలుపు విప్పండి

వరదలప్పుడు ఇంట్లో కుక్క కోసం ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలని అడిగారు. నాకు తెలిసింది గేదెల సంగతి. అయినా చెప్పాల్సిన మాట ఒకటే: కట్టేసి ఉంచకండి.

మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. 2022 జులైలో మా పాకలో అయిదు గేదెలు, రెండు దూడలు ఉండేవి. భద్రాచలంలో గోదారి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు 71 దాటింది. ఆ నీరు మాకు ఎగువనున్న ధవళేశ్వరం రావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే మాకు టైం ఉంది. కానీ నాన్న, ‘ఏటా పాక గుమ్మం దాకా వచ్చి తీసేసేదే కదా’ అన్నారు.

రాత్రి రెండింటికి లేచేసరికి మంచం కోళ్లు నీళ్లలో ఉన్నాయి. పాకలోకి పరిగెత్తాం. కొబ్బరి తాళ్లు నాని ముళ్లు బిగిసిపోయాయి. చీకట్లో వేళ్లతో ఎంత లాగినా రాలేదు. కొడవలి కనపడలేదు. అమ్మ వంటింట్లోంచి కత్తిపీట తెచ్చింది. దాంతోనే ఒక్కో పలుపూ కోశాం. దూడల్ని దాబా మెట్ల మీదికి తోశాం. నాలుగు గేదెలు వాటంతటవే ఈదుకుంటూ ఏటిగట్టు ఎక్కాయి. గేదెకు ఈత ఎవరూ నేర్పక్కర్లేదు, వదిలేస్తే మెరక ఎక్కడుందో అదే చూసుకుంటుంది. పల్లపు మూలన ఉన్న చూడి గేదె పలుపు మాత్రం పొట్టి. తల పైకెత్తడానికి లేకపోయింది. మేం తాడు కోసేసరికే ప్రాణం పోయింది, గోదారి పట్టుకుపోయింది.

పరిహారం కోసం వెళ్తే కళేబరం ఫొటో చూపించమన్నారు. ఏట్లో కొట్టుకుపోయినదాన్ని ఎక్కణ్ణించి తెస్తాం? అందుకే పశువుల చెవి ట్యాగ్ నంబరు కనపడేలా ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. గొంతువాపు టీకా వానలకు ముందే వేయించండి. వరద తీశాక ఒండ్రు పట్టిన గడ్డి మేపొద్దు.

కుక్కలకైనా ఇంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా చెల్లి అక్కడే ఉంది. ఎదురింటివాళ్లు గేటుకు గొలుసుతో కట్టేసి వెళ్లిపోయిన కుక్క అరుపులు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తున్నాయంటుంది. బోటులో చోటు లేదంటే కనీసం గొలుసు తీసి మేడ మీదికి వదలండి, తిండీ నీళ్లూ పెట్టండి.

మా పాకలో ఇప్పుడు జూన్ నుంచి అన్నీ జారుముళ్లే, పొడుగు పలుపులే. మా ఆరేళ్ల మేనకోడలు కూడా ఒక్క లాగుకు విప్పేస్తుంది. మీ కుక్క గొలుసు కొక్కెం చీకట్లో ఒంటిచేత్తో వస్తుందో లేదో ఈ రాత్రే చూడండి.