పని ఒత్తిడిలో ఉన్నానని స్పానిష్‌లో ఎలా చెప్పాలి? (రుషికొండ ఐటీ ఆఫీసులో మెక్సికో క్లయింట్లతో పనిచేస్తున్నాను)

మామూలుగా మగవారు 'ఎస్తోయ్ ఎస్త్రెసాదో' అంటారు, ఆడవారు 'ఎస్త్రెసాదా' అంటారు. ఇక్కడ చాలామంది తడబడేది క్రియ దగ్గరే. 'ఎస్తోయ్', 'సోయ్' రెండూ 'నేను ఉన్నాను' అనే అర్థమిచ్చేవే, కానీ ఒత్తిడి ఇప్పటి స్థితి కాబట్టి 'ఎస్తోయ్' వాడాలి, 'సోయ్' కాదు. 'సోయ్ ఎస్త్రెసాంతె' అన్నారంటే, మీ వల్లే ఎదుటివాళ్లకు ఒత్తిడి అని చెప్పినట్టు! 'ఎస్త్రెసాంతె' (ఒత్తిడి కలిగించేది) అనే మాటను పని గురించి చెప్పడానికి వాడుకోండి: 'మి త్రబాహో ఎస్ ఎస్త్రెసాంతె'.

ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు 'మె సియెంతో అబ్రుమాదో' (ఆడవారైతే 'అబ్రుమాదా') అనండి. స్పెయిన్‌లో 'అగోబియాదో' ఎక్కువ వినిపిస్తుంది. పని అందుకోలేకపోతుంటే 'నో దోయ్ అబాస్తో'. ఇందులో ఆడ, మగ తేడా లేదు, కొత్తవాళ్లకు ఇదే సులువు. మన 'పీకల్లోతు పని' అచ్చంగా 'ఎస్తోయ్ అస్తా ఎల్ కుయెయో దె త్రబాహో', కానీ అది తోటి ఉద్యోగులతోనే బాగుంటుంది.

క్లయింటుతో మాత్రం ఒత్తిడి చెప్పి ఊరుకోకండి, వెంటనే ఏం కావాలో అడగండి: 'ఎస్తోయ్ సతురాదో దె త్రబాహో. పొదెమోస్ పసార్ లా ఎంత్రెగా అల్ వియెర్నెస్?' అంటే పని ఎక్కువైంది, డెలివరీ శుక్రవారానికి మార్చుకోవచ్చా అని. 'నో పుయెదో మాస్' మాత్రం ఇక నావల్ల కాదన్నంత బలమైన మాట, మీటింగులో వద్దు.