సమాధానం: 10 గ్రాములకి 400 మోల్స్ ఎలా వస్తున్నాయి?

తమ్ముడూ, 10 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌కి నీకు 400 మోల్స్ వస్తున్నాయి, బుక్‌లో 0.25 ఉంది అన్నావు కదా, నువ్వు 10ని 40తో (అంటే దాని ఒక మోల్ బరువుతో) గుణించేశావు, అక్కడ భాగించాలి. ఫార్ములా బట్టీ పడితే ఇలాగే తిరగబడిపోద్ది. మోల్ అంటే డజను లాంటి లెక్కే, పూర్ణా మార్కెట్‌లో అరటిపళ్ళు డజన్లలో కొంటాం చూడు, అలాగే కణాల్ని 6.022 ఇంటూ 10 పవర్ 23 చొప్పున కట్టలు కట్టారనుకో. పరమాణు భారాలు చూస్తే సోడియం 23, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1, మొత్తం 40, అంటే ఒక కట్ట బరువు 40 గ్రాములు, నీ దగ్గరున్నది 10 గ్రాములే అయితే పావు కట్టే కదా ఉండేది. ఆన్సర్ 1 కంటే ఎక్కువ రావాలా తక్కువ రావాలా అని ముందు చూసుకో, తర్వాతే లెక్క చెయ్.

ఈక్వేషన్ బ్యాలెన్సింగ్ (రెండు వైపులా అణువుల్లోని పరమాణువుల లెక్క సమానం చెయ్యడం) కూడా రావట్లేదన్నావు. గాజువాకలో ఉంటున్నావు కాబట్టి స్టీల్ ప్లాంట్‌దే తీసుకో. బ్లాస్ట్ ఫర్నేస్‌లో (ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమిలో) ఒక ఫెరిక్ ఆక్సైడ్ (రెండు ఐరన్, మూడు ఆక్సిజన్) మూడు కార్బన్ మోనాక్సైడ్‌లతో కలిస్తే రెండు ఐరన్, మూడు కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆక్సిజన్లు లెక్కపెట్టు, ఇటు 6, అటు 6. ఇప్పుడు 160 గ్రాముల ఆక్సైడ్ నుంచి 112 గ్రాముల ఇనుము ఎలా వస్తుందో నువ్వే చేసి ఇక్కడ పెట్టు, చూస్తాను.